జాన్ బోనమ్

జాన్ హెన్రీ బోనమ్ (1948 మే 31 - 1980 సెప్టెంబరు 25) ప్రఖ్యాత ఆంగ్ల డ్రమ్స్ వాద్యకారుడు. లెడ్ జెప్లిన్ అనే రాక్ సంగీత బృందంలో 1968 నుండి మరణించేవరకు డ్రమ్స్ వాయించాడు. ఇంగ్లాండులోని రెడ్డిచ్ పట్టణపు శివారు గ్రామమైన హంట్ ఎండ్‌లో, ఒక వడ్రంగి కుటుంబంలో పెరిగాడు. వంటింటి గిన్నెల మీద, కాఫీ డబ్బాల మీద దరువు వేస్తూ మొదలైన ఇతని వాద్యం రాక్ సంగీతంలో డ్రమ్స్ స్థానాన్నే మార్చివేసింది. గురుముఖంగా ఏనాడూ శిక్షణ పొందలేదు. బలమైన దెబ్బ, వేగవంతమైన కుడి పాదం, లయ మీద పట్టు ఇతని వాద్యానికి ప్రధాన లక్షణాలు. 32 సంవత్సరాల వయసులో అతిమద్యపానం వల్ల మరణించాడు. ఇతని మరణంతో లెడ్ జెప్లిన్ బృందం రద్దయింది. సన్నిహితులు ఇతనిని 'బోంజో' అని పిలిచేవారు.

పుట్టిన ఊరు

రెడ్డిచ్ పట్టణం వూస్టర్‌షైర్ కౌంటీలో, బర్మింగ్‌హామ్ నగరానికి దక్షిణంగా సుమారు 24 కిలోమీటర్ల దూరంలో ఉంది. సూదుల తయారీకి ఈ ఊరు ప్రపంచ ప్రసిద్ధి పొందింది. పందొమ్మిదవ శతాబ్దంలో ప్రపంచమంతటా వాడిన కుట్టుసూదులలో అధికభాగం ఇక్కడి కార్ఖానాలలోనే తయారయ్యేవి. చేపల గాలాలు, స్ప్రింగులు, సైకిళ్ళు కూడా తయారయ్యేవి.

బోనమ్ పెరిగిన హంట్ ఎండ్‌కు ఈ చరిత్రలో ప్రత్యేక స్థానముంది. 1851లో జార్జ్ టౌన్‌సెండ్ అనే వ్యాపారి ఇక్కడ నెలకొల్పిన సూదుల సంస్థ కాలక్రమంలో సైకిళ్ళ తయారీకి మళ్ళింది. చేతులు మారిన ఆ సంస్థే తరువాత రాయల్ ఎన్‌ఫీల్డ్ అయింది. 1955 నుండి మద్రాసులో తయారవుతూ తెలుగునాట సుపరిచితమైన బుల్లెట్ మోటారు సైకిల్ మూలాలు ఈ చిన్న గ్రామంలోనే ఉన్నాయి. అంటే బోనమ్ బాల్యం గడచినది చేతిపనికి, యంత్రాల చప్పుడుకు అలవాటుపడిన ప్రాంతం. 1964లో బ్రిటిష్ ప్రభుత్వం రెడ్డిచ్‌ను 'నూతన పట్టణం'గా ప్రకటించి విస్తరించడంతో పాత ఊరి రూపురేఖలు చాలావరకు మారిపోయాయి.

బాల్యం, కుటుంబం

జాన్ తల్లి జోన్, తండ్రి జాక్. తండ్రి వడ్రంగి, గృహనిర్మాణ పనులు చేసేవాడు. తల్లి ఆస్ట్‌వుడ్ బ్యాంక్ అనే పక్క గ్రామంలో వార్తాపత్రికల దుకాణం నడిపేది. జాన్ పెద్ద కుమారుడు. తరువాత తమ్ముడు మిక్, చెల్లెలు డెబొరా జన్మించారు. డెబొరా పెద్దయ్యాక గాయనిగా పేరు తెచ్చుకుంది. మిక్ తన అన్న జీవితం గురించి ఒక గ్రంథం రచించాడు. జాన్ పుట్టినపుడు ప్రసవం చాలా కష్టమైందని, బిడ్డ గుండె కొట్టుకోవడం ఆగిపోతే వైద్యుడు తిరిగి బతికించాడని ఆ కుటుంబంలో చెప్పుకొనేవారు.

ఐదేళ్ళ వయసుకే జాన్‌కు దరువు వేసే అలవాటు పట్టుకుంది. తల్లి వంటపాత్రలు, డబ్బాలు, కాఫీ టిన్నులు ఇతని మొదటి వాద్యాలు. స్నానపు లవణాల డబ్బా ఒకదానికి అడుగున తీగ బిగించి వాయించేవాడు. దీనికి కారణం లేకపోలేదు. స్నేర్ డ్రమ్ అనే వాద్యానికి కింది చర్మాన్ని ఆనుకొని సన్నని లోహపు తీగలుంటాయి. పైన దెబ్బ పడినపుడు ఆ తీగలు అదరడం వల్ల గరగరమనే ప్రత్యేక ధ్వని పుడుతుంది. ఆ సూత్రాన్ని ఎవరూ నేర్పకుండానే ఆ పిల్లవాడు డబ్బాతో సాధించుకున్నాడు. చెక్కతో, మేకులతో, పనిముట్లతో నిండిన ఇంట్లో పెరిగినవాడికి వస్తువును తానే తయారుచేసుకోవడం సహజంగా అబ్బిన విద్య అనుకోవచ్చు.

అమెరికన్ జాజ్ వాద్యకారులు జీన్ క్రుపా, బడ్డీ రిచ్, మాక్స్ రోచ్ ఇతనికి ఆదర్శం. పదేళ్ళ వయసులో తల్లి ఒక స్నేర్ డ్రమ్ కొనిపెట్టింది. పదిహేనవ ఏట తండ్రి ప్రీమియర్ సంస్థ తయారుచేసిన డ్రమ్ సెట్టును కొనిచ్చాడు. అది పాతది, చాలాభాగం తుప్పు పట్టింది. అయినా జాన్‌కు అది మొదటి పూర్తి వాద్యం. సంగీత పాఠశాలకు వెళ్ళకపోయినా రెడ్డిచ్‌లోని ఇతర డ్రమ్స్ వాద్యకారుల వద్ద సలహాలు పొందేవాడు.

చదువు, వడ్రంగం

లాడ్జ్ ఫార్మ్ సెకండరీ పాఠశాలలో చదువుకుంటూనే 1962-63 ప్రాంతంలో స్థానిక బృందాలలో వాయించడం మొదలుపెట్టాడు. చదువులో పెద్దగా రాణించలేదు. ఈ కుర్రవాడు చెత్త ఎత్తే పనివాడైనా అవుతాడు, లక్షాధికారైనా అవుతాడని ప్రధానోపాధ్యాయుడు ప్రగతి పత్రంలో రాసినట్లు ప్రసిద్ధి.

1964లో పాఠశాల విడిచి తండ్రి వద్ద వడ్రంగం పనిలో చేరాడు. పగలు నిర్మాణ స్థలాలలో పని, రాత్రి క్లబ్బులలో వాద్యం. బరువులు మోయడం, సుత్తి పట్టడం ఇతని భుజాలకు, మణికట్లకు బలాన్నిచ్చాయి. అయితే ఇతని వాద్యంలోని గొప్పదనం కండబలం మాత్రమే కాదు. మణికట్టును వదులుగా ఉంచి, చర్మం మీద సరైన చోట దెబ్బ వేయడం వల్లనే అంత నిండైన ధ్వని వచ్చేదని వాద్యకారులు వివరిస్తారు.

వివాహం, తొలినాటి కష్టాలు

1964లో టెర్రీ వెబ్ అండ్ ద స్పైడర్స్ అనే బృందంలో ఉన్నప్పుడు పాట్ ఫిలిప్స్‌తో పరిచయమైంది. అనతికాలంలోనే వారికి వివాహం జరిగింది. 1966 జూలై 15న కుమారుడు జేసన్ జన్మించాడు. అప్పటికి తండ్రి వయసు 18 సంవత్సరాలు. ఆస్ట్‌వుడ్ బ్యాంక్‌లోని తల్లి దుకాణం వెనుక నిలిపిన ఒక చిన్న కారవాన్ బండిలో ఈ దంపతులు కొంతకాలం కాపురం చేశారు. తరువాత డడ్లీ పట్టణంలో ఒక అద్దె ఫ్లాటుకు మారారు. అద్దె కట్టడానికి సిగరెట్లు మానుకోవలసి వచ్చిందని బోనమ్ తరువాతి కాలంలో చెప్పుకున్నాడు.

ఈ కాలంలో సెనేటర్స్, ఎ వే ఆఫ్ లైఫ్, క్రాలింగ్ కింగ్ స్నేక్స్ మొదలైన బృందాలలో వాయించాడు. క్రాలింగ్ కింగ్ స్నేక్స్‌లో గాయకుడు రాబర్ట్ ప్లాంట్‌తో స్నేహం కుదిరింది. ఆ తరువాత ఇద్దరూ బ్యాండ్ ఆఫ్ జాయ్ అనే బృందంలో కలిసి పనిచేశారు. బర్మింగ్‌హామ్ ప్రాంతపు క్లబ్బులలో బోనమ్‌కు మరీ పెద్దగా వాయిస్తాడనే పేరుండేది. ధ్వని ఇంకా పెరగడానికి బాస్ డ్రమ్ లోపల అల్యూమినియం రేకు అతికించేవాడని చెబుతారు. ఇంత చప్పుడును రికార్డు చేయడం సాధ్యం కాదని ఒక స్టూడియోవారు తిప్పి పంపారనే కథ కూడా ప్రచారంలో ఉంది.

లెడ్ జెప్లిన్‌లో ప్రవేశం

1968లో అమెరికన్ గాయకుడు టిమ్ రోజ్ బ్రిటన్ పర్యటనలో బోనమ్‌కు వారానికి 40 పౌండ్ల జీతంతో ఉద్యోగం దొరికింది. పెళ్ళాం బిడ్డలున్న 20 ఏళ్ళ యువకుడికి అది స్థిరమైన ఆదాయం. సరిగ్గా అప్పుడే గిటారు వాద్యకారుడు జిమ్మీ పేజ్ కొత్త బృందం కోసం వెతుకుతున్నాడు. అప్పటికే ఎంపికైన రాబర్ట్ ప్లాంట్ తన మిత్రుడి పేరు సూచించాడు. 1968 జూలైలో లండన్‌లోని హాంప్‌స్టెడ్‌లో ఒక క్లబ్బులో బోనమ్ వాద్యం విన్న పేజ్, నిర్వాహకుడు పీటర్ గ్రాంట్ ఇతడే కావాలని నిశ్చయించుకున్నారు.

బోనమ్ వెంటనే ఒప్పుకోలేదు. జో కాకర్, క్రిస్ ఫార్లో వంటి గాయకుల నుండి కూడా ఆహ్వానాలున్నాయి. కొత్త బృందం నిలుస్తుందో లేదో తెలియదు. బోనమ్ తరచూ వెళ్ళే వాల్సాల్ ప్రాంతపు పబ్బు చిరునామాకు ప్లాంట్ 8 తంతులు, గ్రాంట్ 40 తంతులు పంపారు. చివరికి డబ్బుకన్నా ఆ సంగీతమే నచ్చి అంగీకరించాడు. బాస్ గిటారు, కీబోర్డు వాద్యకారుడు జాన్ పాల్ జోన్స్‌తో కలిపి బృందంలో నలుగురయ్యారు.

1968 సెప్టెంబరు 7న డెన్మార్క్‌లో వీరి మొదటి కచేరీ జరిగింది. మొదటి ఆల్బం రికార్డింగుకు సుమారు 36 గంటలు మాత్రమే పట్టింది. ఆ డిసెంబరు 26న అమెరికా పర్యటన ప్రారంభమైంది. క్రిస్మస్ పండుగకు ఇంటికి దూరంగా ఉండవలసిన తొలి సందర్భం అది. అటుపై ఇటువంటివి ఎన్నో వచ్చాయి.

వాద్య శైలి

1969 జనవరిలో వెలువడిన మొదటి ఆల్బంలోని మొదటి పాట 'గుడ్ టైమ్స్ బ్యాడ్ టైమ్స్' తోనే బోనమ్ ప్రతిభ వెల్లడైంది. అందులో బాస్ డ్రమ్ మీద వేగంగా పడే మూడేసి దెబ్బల వరుసలు విని, రెండు పెడల్స్ వాడి ఉంటాడని చాలామంది భావించారు. అవి ఒకే పెడల్ మీద, ఒకే పాదంతో వాయించినవి.

1969లో వెలువడిన రెండవ ఆల్బంలోని 'మోబీ డిక్' డ్రమ్స్ ప్రధానంగా సాగే కృతి. కచేరీలలో దీనిని 20 నిమిషాలు, ఒక్కొక్కసారి అంతకు మించి కూడా వాయించేవాడు. మధ్యలో కర్రలు పక్కన పెట్టి, వట్టి చేతులతో వాయించేవాడు. ఈ తనియావర్తనానికి తొలిరోజులలో భార్య పేరుమీదుగా 'పాట్స్ డిలైట్' అని పేరుండేది.

1971లో వచ్చిన నాలుగవ ఆల్బంలోని 'వెన్ ద లెవీ బ్రేక్స్' పాటలోని డ్రమ్స్ ధ్వని స్టూడియోలో పుట్టలేదు. హాంప్‌షైర్‌లోని హెడ్లీ గ్రేంజ్ అనే పాత భవనంలో ఈ రికార్డింగు జరిగింది. పద్దెనిమిదవ శతాబ్దం చివర పేదల ఆశ్రమంగా కట్టిన ఇల్లు అది. రికార్డింగు ఇంజనీరు ఆండీ జాన్స్ డ్రమ్ సెట్టును ఎత్తైన మెట్ల హాలు అడుగున ఉంచి, రెండు మైకులను పైఅంతస్తు నుండి వేలాడదీశాడు. వాద్యపు నాదంతోపాటు ఆ ఇంటి గోడల ప్రతిధ్వని కూడా నమోదైంది. తరువాతి కాలంలో ఈ దరువును హిప్‌హాప్ కళాకారులు అనేకులు తమ పాటలలో వాడుకున్నారు. 1986లో బీస్టీ బాయ్స్ బృందం వాడుకున్నది వాటిలో పేర్కొనదగినది.

1975లో వెలువడిన 'కశ్మీర్' పాటకు బీజం పేజ్, బోనమ్ ఇద్దరే కూర్చుని సాధన చేస్తుండగా పడింది. ఇందులో గిటారు మూడు మాత్రల చొప్పున తిరుగుతుంటే, డ్రమ్స్ నాలుగు మాత్రల నడకను వదలకుండా సాగుతాయి. రెండూ విడిపోయినట్లనిపించి మళ్ళీ ఒకచోట కలుస్తాయి. తిశ్ర, చతురశ్ర గతుల పరిచయమున్న మన శ్రోతలకు ఈ ఏర్పాటు సులభంగా బోధపడుతుంది. పేరు కశ్మీర్ అయినా ఈ పాట సాహిత్యానికి ప్రేరణ మొరాకో దేశపు ఎడారి దారి.

బోనమ్ వాద్యంలో మరొక విశేషం నిశ్శబ్దానికిచ్చే విలువ. పాటకు అవసరం లేని చోట వాయించేవాడు కాదు. గిటారు పలికే పలుకును అనుసరించి బాస్ డ్రమ్ దెబ్బను మలచేవాడు. గాయకుడు ఊపిరి తీసుకునే చోట ఖాళీ వదిలేవాడు.

వాద్య పరికరాలు

మొదటి అమెరికా పర్యటన నాటి నుండి బోనమ్ ప్రధానంగా లుడ్విగ్ సంస్థ డ్రమ్స్ వాడాడు. ఇతని బాస్ డ్రమ్ వ్యాసం 26 అంగుళాలు. సాధారణంగా వాడే వాటికంటే ఇది పెద్దది. ఒక్క బాస్ డ్రమ్, ఒక టామ్, రెండు ఫ్లోర్ టామ్‌లు, లోహపు స్నేర్ డ్రమ్, పైస్టే సంస్థ తాళాలు, వెనుక ఒక పెద్ద గంట ఇతని అమరిక. పారదర్శకమైన నారింజ వర్ణపు డ్రమ్ సెట్టు, ఆ తరువాతి ఉక్కు సెట్టు అభిమానులకు బాగా గుర్తు. ఆనాటి ఇతర ప్రసిద్ధులతో పోలిస్తే ఇతని వద్ద ఉన్న డ్రమ్స్ సంఖ్య తక్కువే.

ఇల్లు, వ్యవసాయం

ధనం సమకూరిన తరువాత బోనమ్ లండన్‌కు గాని అమెరికాకు గాని తరలిపోలేదు. తాను పుట్టిన వూస్టర్‌షైర్‌లోనే, కట్నల్ గ్రీన్ గ్రామం వద్ద ఓల్డ్ హైడ్ అనే వ్యవసాయ క్షేత్రాన్ని కొన్నాడు. హెర్‌ఫర్డ్ జాతి పశువులను పెంచాడు. కార్లు, మోటారు సైకిళ్ళు సేకరించడం ఇతనికి మక్కువైన వ్యాపకం. 1976లో విడుదలైన 'ద సాంగ్ రిమెయిన్స్ ద సేమ్' చలనచిత్రంలో బృందంలోని ఇతర సభ్యులు ఊహాలోకపు సన్నివేశాలలో కనిపిస్తే, బోనమ్ మాత్రం తన పొలంలో, పశువుల మధ్య, భార్యా బిడ్డలతో కనిపిస్తాడు. చిన్నారి జేసన్ చిన్న డ్రమ్ సెట్టు వాయించడం కూడా అందులో ఉంది.

1975లో కుమార్తె జోయీ జన్మించింది. బ్రిటన్‌లో పన్నుల భారం కారణంగా బృంద సభ్యులు చాలాకాలం దేశం వెలుపల గడపవలసి వచ్చినది కూడా ఆ సంవత్సరమే.

మద్యపానం, వివాదాలు

ఇంటి వద్ద సౌమ్యుడిగా, ఆతిథ్యప్రియుడిగా పేరున్న బోనమ్ పర్యటనలలో వేరే మనిషయ్యేవాడు. విమాన ప్రయాణమంటే భయం, కచేరీకి ముందు ఆందోళన, ఇంటి మీద బెంగ ఇతనిని మద్యం వైపు నెట్టాయని సన్నిహితులు చెప్పారు. తాగినపుడు కోపాన్ని అదుపు చేసుకోలేకపోయేవాడు. 1977 జూలైలో అమెరికాలోని ఓక్లండ్‌లో కచేరీ నిర్వాహకుని సిబ్బందిపై జరిగిన దాడి కేసులో బృంద నిర్వాహకుడు, మరి ఇద్దరితోపాటు బోనమ్ కూడా నిందితుడయ్యాడు. కోర్టులో అభియోగాన్ని వారు ఎదిరించలేదు. అమలు నిలిపివేసిన శిక్ష, జరిమానా పడ్డాయి. ఈ ఘటన ఇతని జీవితంలో మాయని మచ్చ.

అదే నెలలో రాబర్ట్ ప్లాంట్ పసి కుమారుడు అనారోగ్యంతో మరణించాడు. పర్యటన ఆగిపోయింది. ప్లాంట్‌తో కలిసి ఇంగ్లాండుకు వెళ్ళి, అంత్యక్రియలలో పాల్గొన్న ఏకైక బృంద సభ్యుడు బోనమ్. తరువాత ప్లాంట్‌ను తిరిగి సంగీతం వైపు మళ్ళించడంలో కూడా ఇతని పాత్ర ఉంది. ఒకే సంవత్సరంలో జరిగిన ఈ రెండు సంఘటనలు ఇతని స్వభావంలోని రెండు పార్శ్వాలను చూపుతాయి.

మరణం

1979 ఆగస్టులో ఇంగ్లాండులోని నెబ్‌వర్త్‌లో జరిగిన రెండు కచేరీలతో బృందం తిరిగి వేదిక ఎక్కింది. 1980 జూన్ 27న జర్మనీలోని న్యూరెంబర్గ్‌లో మూడు పాటల తరువాత బోనమ్ వేదికపై కుప్పకూలడంతో ఆ కచేరీ ఆగిపోయింది. అదే ఏడాది అక్టోబరులో ఉత్తర అమెరికా పర్యటన మొదలుకావలసి ఉంది. చాలాకాలం ఇంటికి దూరంగా ఉండవలసి వస్తుందనే దిగులు ఇతనిని బాధించింది. ఆందోళన తగ్గడానికి మందులు కూడా వాడుతున్నాడు.

1980 సెప్టెంబరు 24న రిహార్సల్ కోసం బ్రే స్టూడియోకు బయలుదేరాడు. దారిలో ఉదయపు ఫలహారానికి ఆగినప్పటి నుండే వోడ్కా తాగడం మొదలుపెట్టాడు. ఆ రాత్రి విండ్సర్ సమీపంలోని క్లూయర్‌లో ఉన్న జిమ్మీ పేజ్ ఇంట్లో నిద్రపోయాడు. మరునాడు మధ్యాహ్నం జాన్ పాల్ జోన్స్, బృందం సహాయకుడు ఒకరు వెళ్ళి చూసేసరికి మరణించి ఉన్నాడు. నిద్రలో వాంతి అయి, ఊపిరాడక చనిపోయినట్లు విచారణలో తేలింది. 24 గంటలలో సుమారు 40 కొలతల వోడ్కా తాగినట్లు అంచనా వేశారు. శరీరంలో ఇతర మత్తు పదార్థాల జాడ కనబడలేదు. దీనిని ప్రమాదవశాత్తు జరిగిన మరణంగా నిర్ధారించారు.

మద్యం మత్తులో స్పృహ తప్పినవారికి వాంతి అయినపుడు దగ్గి బయటికి నెట్టే శక్తి శరీరానికి ఉండదు. అటువంటివారిని వెల్లకిలా పడుకోబెట్టి ఒంటరిగా విడిచిపెట్టరాదని, పక్కకు తిప్పి పడుకోబెట్టి గమనిస్తూ ఉండాలని వైద్యులు హెచ్చరిస్తారు.

బోనమ్ చితాభస్మాన్ని వూస్టర్‌షైర్‌లోని రషాక్ గ్రామపు సెయింట్ మైకేల్ చర్చి ఆవరణలో ఉంచారు. 1980 డిసెంబరు 4న మిగిలిన ముగ్గురు సభ్యులు తమ మిత్రుడు లేకుండా కొనసాగలేమని ప్రకటించి బృందాన్ని ముగించారు. మరొక వాద్యకారునితో ఆ స్థానాన్ని నింపే ప్రయత్నం చేయలేదు.

వారసత్వం, గుర్తింపు

కుమారుడు జేసన్ బోనమ్ కూడా డ్రమ్స్ వాద్యకారుడయ్యాడు. 2007 డిసెంబరు 10న లండన్‌లోని ఓ2 ప్రాంగణంలో లెడ్ జెప్లిన్ మిగిలిన సభ్యులు కలిసి ఇచ్చిన కచేరీలో తండ్రి స్థానంలో కూర్చుని వాయించాడు.

* 1995లో లెడ్ జెప్లిన్ సభ్యునిగా రాక్ అండ్ రోల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో మరణానంతరం స్థానం లభించింది.
* 2016లో రోలింగ్ స్టోన్ పత్రిక ప్రకటించిన వందమంది అత్యుత్తమ డ్రమ్స్ వాద్యకారుల జాబితాలో ఇతనికి ప్రథమ స్థానం దక్కింది.
* 2018 మే 31న, 70వ జయంతి నాడు, రెడ్డిచ్ పట్టణం నడిబొడ్డున మెర్షియన్ స్క్వేర్‌లో శిల్పి మార్క్ రిచర్డ్స్ రూపొందించిన కంచు విగ్రహాన్ని నెలకొల్పారు. చెల్లెలు డెబొరా దానిని ఆవిష్కరించింది. డ్రమ్స్ వాయిస్తున్న భంగిమలో ఈ విగ్రహం ఉంటుంది.

రషాక్‌లోని సమాధి వద్ద అభిమానులు పువ్వులతోపాటు డ్రమ్స్ వాయించే కర్రలు ఉంచి వెళుతుంటారు. హంట్ ఎండ్‌లోని బాల్యగృహం, ఆస్ట్‌వుడ్ బ్యాంక్‌లోని దుకాణం, కట్నల్ గ్రీన్‌లోని పొలం, రషాక్‌లోని సమాధి అన్నీ వూస్టర్‌షైర్‌లోనే ఉన్నాయి. ప్రపంచమంతా తిరిగిన ఈ వాద్యకారుడు సొంత ఇల్లు కట్టుకున్నదీ, శాశ్వతంగా విశ్రమించినదీ పుట్టిన కౌంటీలోనే.